రెండు వేళ్ల వదులు

ఆ వేసవి సెలవుల్లో నా డైరీ మొదటి పేజీలో తారీఖు కింద ఒకే మాట ఉంది. ఛీ.

అంతకు మించి రాయడానికి ఆ రోజు చెయ్యి రాలేదు.

నేను సుకుమారినేం కాదు. మా ఇంట్లో గేదె ఈనితే మాయ పడేదాకా పక్కనే కూర్చునేదాన్ని. పేడ ఎత్తడం, కోళ్లగూడు కడగడం నా పనులే. కానీ ఆ రోజు పిన్ని పరుపు మీద పరిచిన ప్లాస్టిక్ షీటు ఎత్తుతుంటే, దాని మడతలో నిలిచిన నీళ్లు నా చేతి మీదుగా మోచేతి దాకా జారాయి. ముందు నీళ్లే అనుకున్నాను. గోరువెచ్చగా, జిగటగా ఉన్నాయి. తుప్పు పట్టిన పైపులోంచి మొదట వచ్చే నీళ్ల రంగు. మూడుసార్లు సబ్బు పెట్టి కడిగాను. అన్నం తినడానికి కూర్చుంటే ఆ చెయ్యి నాది కాదనిపించింది. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తిన్నాను.

అమ్మ నన్ను బస్సెక్కిస్తూ చెప్పింది వేరు. "పిన్నికి పిత్తాశయంలో రాళ్లట. ఆపరేషనైంది. మీ బాబాయి చూస్తే ఊళ్లో లేడాయె. నీ పరీక్షలు అయిపోయాయిగా, నెలన్నర తోడుండి రా. పిలిస్తే పలుకు, అడిగితే చెప్పు. అక్కడ కూడా గోడకి అతుక్కుపోయి కూర్చోకు."

పిన్ని టైలరు. వీధి వైపు గది కొట్టు, దాని వెనక రెండు గదుల ఇల్లు. కొట్టులో రెండు మిషన్లు, కొలతలు తీయడానికి తెర కట్టిన మూల, తల లేని ఒక బొమ్మ. బొమ్మకు నీలం గౌను తొడిగి ఉంది. నేను సంచి దించగానే కాజాలక్క నన్ను ఆ తెర వెనక్కి లాక్కెళ్లింది. కాజాలక్క పిన్ని దగ్గర పదేళ్లుగా కాజాలు, గుండీలు కుట్టే ఆవిడ. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

"చూడమ్మాయ్, రాళ్లూ లేవు రప్పలూ లేవు. మీ పిన్ని కొవ్వు తీయించుకుంది. పొట్ట చుట్టూ కన్నాలు పెట్టి, గొట్టం దూర్చి లాగారు. నేనే దగ్గరుండి చేయించాను. తీసింది సీసాలో పోసి చూపించారు కూడా. పైన వెన్నలా తేలుతోంది, కింద నెత్తురు."

"మరి బాబాయికి..."

"మీ బాబాయికి రాళ్లే. మీ అమ్మకీ రాళ్లే. వీధి మొత్తానికీ రాళ్లే. ఎక్కడైనా నోరు జారావో, ఆ నోటికి గుండీ కుట్టేస్తా."

నేను తల ఊపాను.

"ఓహో, మూగనోము పట్టిన పిల్లన్నమాట. ఇంకేం, మన పని సులువైంది" అంది కాజాలక్క. ఆ రోజు నుంచి నన్ను మూగనోమనే పిలిచింది.

వెన్న అన్న మాట విన్నాక నాకు ఆ నెలన్నరా నూనె తేలే కూర ఏదీ సహించలేదు.

క్లినిక్ నుంచి నర్సు వచ్చింది. పొట్టిగా, చకచకా మాట్లాడే మనిషి. పిన్నిని మంచం మీద కూర్చోబెట్టి, ఒంటికి వేసిన తొడుగు పక్కన కొక్కేలు విప్పింది. మోకాళ్ల పై నుంచి ఛాతీ కింది దాకా పట్టి ఉంచే బిగుతు తొడుగు అది, ఒంటి రంగులో. విప్పగానే పిన్ని పొట్ట ఒక పక్కకి ఒరిగింది. ఊదా, పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు. అక్కడక్కడ గడ్డలు. గోరంత కన్నాల దగ్గర అంటించిన ప్యాడ్లు తడిసి బరువుగా వేలాడుతున్నాయి. ఊపిరి బిగబట్టి మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై దాకా ఆగగలనని ఆ రోజే తెలిసింది.

"ఎవరైనా రాసుకోండమ్మా, మళ్లీ మర్చిపోయామంటారు" అంది నర్సు.

నా చేతిలో ఉన్నది డైరీ ఒక్కటే. అందులోనే రాశాను. ప్యాడ్లు పూటకోసారి మార్చాలి. స్నానానికి తప్ప తొడుగు తీయకూడదు. తొడుగుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, అంతకంటే బిగుతు కూడదు. వాపు ఉంటుంది, ముందుకంటే లావు కూడా కనిపించొచ్చు, భయపడకూడదు. మూడు నెలలు టేపు పట్టుకోకూడదు. జ్వరం, చెడు వాసన, చర్మం నల్లబడటం, ఏది కనిపించినా వెంటనే ఫోను చేయాలి. చివర నంబరు.

"రెండు వేళ్ల సంగతి నాకు చెప్తున్నావా తల్లీ?" అని పిన్ని నవ్వబోయి నొప్పికి ఆగింది. "ఇరవై ఏళ్లుగా ఈ వీధిలో ఆడవాళ్ల నడుములన్నీ రెండు వేళ్లు పెట్టి కొలిచిందాన్ని."

అది నిజమే. టేపు చుట్టాక రెండు వేళ్లు లోపల పెట్టి అప్పుడు అంకె చదివేది పిన్ని. మనిషన్నాక తినాలి, కూర్చోవాలి, గట్టిగా నవ్వాలి, ఆ మాత్రం వదులు లేకపోతే అది బట్ట కాదు కట్టు అనేది.

ప్యాడ్లు మార్చడం నా పనైంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎన్ని మార్చానో, ఏ రంగో, ఏ వాసనో డైరీలో రాసేదాన్ని. నలభై లెక్కపెట్టేలోపు పాతది ఊడదీసి, తుడిచి, కొత్తది అంటించి, బకెట్‌తో బయటికి పరిగెత్తేదాన్ని. దుప్పట్లు ఉతికేదాన్ని. సబ్బు వాసన కింద ఆ వాసన అలాగే ఉండేది, పచ్చి ఇనుమూ చెమటా కలిసినట్టు. పిన్ని తలుపు వైపు చూస్తూ పడుకునేది. నేను ముక్కు మీదికి భుజం ఎత్తడం ఒకసారి చూసింది.

"అసహ్యంగా ఉందా?"

"లేదు పిన్నీ."

"అబద్ధం చెప్పడం కూడా రాదే నీకు. నాకే అసహ్యంగా ఉంది."

పిన్ని నా నడుము వైపు చూసింది. టైలర్ల చూపు అది, టేపు లేకుండానే కొలుస్తుంది. "నీది కూడా మా నడుమే వచ్చింది. మా అమ్మదీ ఇదే. ఇరవై దాటనీ, నిన్నూ ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్తా. నాలాగా ఆలస్యం చేయకు."

ఆ సాయంత్రం స్నానాల గదిలో నా పొట్టను రెండు వేళ్ల మధ్య పట్టి చూసుకున్నాను. దాని కింద వెన్న తేలుతున్న సీసా కనిపించింది. డైరీలో రెండోసారి ఛీ రాశాను. అది పిన్ని గురించి కాదు.

పిన్ని ఎందుకు చేయించుకుందో కొట్టు ఊడుస్తుంటే తెలిసింది. కొలతల పుస్తకం ఒకటి ఉండేది, మనిషికో పేజీ. మొదటి పేజీ పిన్నిదే. కొట్టు పెట్టిన ఏడాది నడుము ఇరవై ఏడు. దాని కింద ఏటా ఒక వరస, మెల్లగా పెరుగుతూ. ముప్పై. ముప్పై మూడు. ముప్పై ఆరు. చివరిది ముప్పై తొమ్మిది. ఆ తొమ్మిది మీద పెన్ను ఎంత గట్టిగా నొక్కిందో, వెనక పేజీలో కూడా దిగబడింది.

"ఎవరో వచ్చిన ఆవిడ తెర వెనక నుంచి అందట" అని కాజాలక్క గుండీ కుడుతూనే చెప్పింది. "తన ఒంటికే బట్ట కుదుర్చుకోలేనిది మనకేం కుదురుస్తుందీ అని. అది పోనీ, పరాయి మనిషి మాట. కిందటిసారి మీ బాబాయి స్నేహితుల్ని తీసుకొచ్చి, ఇదే గుమ్మంలో నిలబడి జోకేశాడు. లారీకైతే ఓవర్‌లోడని కేసు రాస్తారు, మా ఇంట్లో రాసే నాథుడే లేడు అని. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏం చేయను, అలా వచ్చేసింది నవ్వు. మీ పిన్ని కూడా నవ్వింది. మర్నాడే ఆ నీలం గౌను కత్తిరించింది. నడుము ముప్పై ఆరు."

బాబాయి కంకర లారీ నడిపేవాడు. ఎక్కడో పెద్ద రోడ్డు వేస్తున్నారని రెండు నెలలుగా అక్కడే ఉన్నాడు. నా సెలవులు అయిపోయేలోపే వస్తాడు. ఆ రోజుకి నీలం గౌనులో గుమ్మంలో నిలబడాలని పిన్ని కోరిక.

పదో రోజు పిన్ని టేపు తెమ్మంది.

"నర్సు వద్దంది కదా" అన్నాను. అన్నాననే అనుకున్నాను. గొంతులోంచి బయటికి వచ్చిందో లేదో.

"తెమ్మంటే తేవే."

తెచ్చాను. నడుము నలభై.

పిన్ని మొహం తెల్లబోయింది. "టేపు సాగినట్టుంది. కొత్తది తే." కొత్త టేపు కూడా నలభై అనే చెప్పింది. రెండు టేపులూ పక్కపక్కన పెట్టి గీతకి గీత సరిచూసింది. వాపు అని నా డైరీలో ఉంది. కానీ పిన్ని ఇరవై ఏళ్లుగా నమ్మింది టేపునే.

మధ్యాహ్నం కాజాలక్క భోజనానికి ఇంటికెళ్లింది. పిన్ని నన్ను పిలిచి, ఉతికి ఆరేసిన రెండో తొడుగు తీసుకురమ్మంది. దాన్ని తిప్పి తిప్పి చూసింది. పరాయి టైలరు కుట్టిన రవికెను చూసినట్టు పెదవి విరిచింది.

"ఇది కుట్టినవాడికి కోత తెలీదు. పక్క కుట్టు చూడు, ఎలా తేలిపోయిందో. ఇంత వదులుగా ఉంటే వాపు దిగమంటే ఎక్కడ దిగుతుంది?" సుద్ద తీసుకుని రెండు పక్కలా గీతలు గీసింది. "నేను మిషను మీద కూర్చోలేను. నువ్వు కుట్టు. అంగుళం లోపలికి పట్టు. సాగే గుడ్డ, లాగకు. దానంతట అదే నడుస్తుంది, నువ్వు దారి చూపించు చాలు."

నా డైరీ మంచం పక్కన స్టూలు మీదే ఉంది. రెండు వేళ్లు అని నా చేత్తోనే రాసి ఉంది. తెరిచి చూపిస్తే సరిపోయేది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం నాకు చేతకాదు. బడిలో తప్పు లెక్క బోర్డు మీద కనిపిస్తున్నా చెయ్యి ఎత్తేదాన్ని కాదు.

మిషను మీద కూర్చున్నాను. పిన్ని గదిలోంచే చెవి పెట్టి వింటోంది. "తొందరపడకు. ఆఁ, అలా. చివర వెనక్కి ఒక నాలుగు కుట్లు వెయ్యి, జారదు."

తీసుకెళ్లి చూపిస్తే కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. "ఎంత నిటారుగా వచ్చిందే! నీ చేతిలో పనుంది. చదువు మానేసి నా దగ్గరికి వచ్చెయ్."

నాకు ఒళ్లు పులకరించింది. ఎవరూ నన్ను ఏ విషయంలోనూ అలా మెచ్చుకోలేదు. ఆ రోజు డైరీలో అదే రాశాను. ఈ రోజు పిన్ని నా కుట్టు బాగుందంది. ఏం కుట్టానో రాయలేదు.

ఆ తొడుగు ఎక్కించడానికి ఇద్దరం కావలసి వచ్చింది. కాజాలక్క ముందు నుంచి, నేను వెనక నుంచి. పిన్ని చర్మం కింద ఏదో ముద్ద అటూ ఇటూ కదులుతోంది. పట్టుకున్న చోట వేలి గుంట పడి అలాగే ఉండిపోతోంది. నా లెక్క నలభై దాటిపోయింది, ఊపిరి తీసుకోక తప్పలేదు.

"దిండుకి గలేబు ఎక్కించడం ఇంతకంటే సులువు" అని రొప్పింది కాజాలక్క. "ఇదేంటి టైలరమ్మా, ఇంత బిగుతుగా ఉంది? మొన్నటిది ఇలా లేదే?"

"ఉతికితే ముడుచుకుంది" అంది పిన్ని, నా వైపు చూడకుండా.

కాజాలక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

మూడు రోజులకి నడుము ముప్పై ఏడున్నర వచ్చింది. పిన్ని ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుంది, జోకులు వేసింది. కొలత కోసం విప్పిన తొడుగు మళ్లీ నా చేతికిచ్చింది. "ఇంకో అర అంగుళం." నేను ఇంకో అర అంగుళం పట్టాను. ఈసారి చెప్పకుండానే చివర వెనక్కి నాలుగు కుట్లు వేశాను.

బాబాయి ఫోను చేశాడు. పిన్ని స్పీకర్ పెట్టింది.

"ఎలా ఉంది? రాళ్లు ఎన్ని తీశారు?"

"ఏమో, లెక్కపెట్టలేదు."

"పారేయకండి. నేనొచ్చి చూస్తాను. మా ఫోర్‌మన్ తనవి సీసాలో పెట్టుకుని అందరికీ చూపిస్తాడు, ముత్యాల్లా ఉంటాయి."

ఫోను పెట్టేశాక ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కాజాలక్క లేచి బయటికెళ్లింది. వీధి చివర రోడ్డు బాగుచేయడానికి పోసిన కుప్పలోంచి గుప్పెడు రాళ్లు ఏరుకొచ్చింది. చిన్నవి చూసి కడిగి, దగ్గు మందు సీసాలో వేసి మూత బిగించింది. "ఇదిగోండి, పురుడు పోశాను. తొమ్మిది పుట్టాయి" అంది. పిన్ని నవ్వలేక రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నేను పైకి నవ్వింది అదొక్కసారే.

పలకరించడానికి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. పిన్ని తొడుగు మీద వదులు చొక్కా వేసుకుని, దిండ్లకి ఆనుకుని కూర్చునేది.

"అమ్మో, సగమయ్యావు కదే! రాళ్లు తీస్తే ఇంత సన్నబడతారా?"

"ఎన్నేళ్ల నుంచి మోస్తున్నావో పాపం, ఆ బరువంతా అదే."

"నాకూ ఉన్నాయేమో చూపించుకుంటాను. దేవుడా, ఉంటే బాగుండు!"

సీసా చేతులు మారింది. ఒకావిడ ఎత్తి ఊపి చూసి, కళ్లు తుడుచుకుంది. పిన్ని మొహం వెలిగిపోతోంది. నేను మంచి నీళ్ల గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. అప్పుడు తగిలింది ఆ వాసన. అది మందు వాసన కాదు, ఇన్నాళ్లూ తెలిసిన ఇనుము వాసనా కాదు. తియ్యగా ఉంది. మా ఇంటి దగ్గర గడ్డివాము వెనక ఎలుక చచ్చిపోయినప్పుడు మూడో రోజు వచ్చే తియ్యదనం. ఆ ఆడవాళ్లు పిన్ని భుజం నిమురుతున్నారు, నడుము మీద చెయ్యి వేసి చూస్తున్నారు, ఎంత చక్కగా దిగిందీ అంటున్నారు. ఒకావిడ ముక్కు ఎగబీల్చి, "మురిక్కాలవ దగ్గర పడ్డట్టుంది మీ ఇల్లు" అంది. మిగతావాళ్లు మునిసిపాలిటీని తిట్టారు. నాకు అందరి మీదా అసహ్యం వేసింది. అందరికంటే ఎక్కువగా గ్లాసులు పట్టుకుని నిలబడ్డ నా మీద.

ఆ తర్వాత పిన్ని స్నానం మానేసింది. తొడుగు విప్పితే మళ్లీ ఉబ్బుతుందని భయం. ప్యాడ్లు కూడా పైపైనే మార్చనిచ్చింది. ఒళ్లు కాలుతోంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడుతున్నాయి.

"నర్సుకి ఫోను చేద్దాం పిన్నీ." ఈసారి మాట బయటికే వచ్చింది.

"ఎల్లుండి బాబాయి వస్తున్నాడు. ఈ రెండు రోజులు ఓర్చుకుంటే చాలు. గౌను వేసుకుని ఒక్క పూట నిలబడనీ, తర్వాత నువ్వు ఎవరికి చేసుకుంటావో చేసుకో. నా మీద ఒట్టే."

ఒట్టు వేయించుకుని నిద్రలోకి జారింది. నోరు తెరుచుకుని ఉంది, పెదవులు పొలుసులు కట్టాయి. చొక్కా పైకి జరిగింది. తొడుగు అంచు దగ్గర నా రెండు వేళ్లు పెట్టి చూశాను. ఒక్క గోరు కూడా దూరలేదు.

కొక్కేలు విప్పబోతే రాలేదు. ఉబ్బిన ఒంట్లో కూరుకుపోయాయి. కొట్టులోకి వెళ్లి కుట్లు విప్పే చిన్న కత్తి తెచ్చాను. మంచం పక్కన నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, వెనక్కి వేసిన నాలుగు కుట్ల దగ్గర మొదలుపెట్టాను. ఎక్కడ గట్టిగా వేశానో నాకు తెలుసు.

పిన్ని కళ్లు తెరిచింది. "ఏం చేస్తున్నావే?"

"విప్పుతున్నా."

నా చెయ్యి పట్టుకుంది. పట్టులో బలం లేదు. నేను ఆగలేదు.

జానెడు విప్పేసరికి గుడ్డ తనంతట తనే పిగిలింది. లోపల ఆగి ఉన్నదంతా నా ఒళ్లోకి వచ్చింది. వెచ్చగా, చిక్కగా, బూడిద రంగులో. లంగా తడిసి తొడలకి అతుక్కుంది. ఆ తియ్యటి వాసన నోట్లోకి కూడా వెళ్లింది. పక్కనే గుడ్డముక్కల బుట్ట ఉంది. దాంట్లో కక్కుకున్నాను. మూతి తుడుచుకుని మిగతా కుట్టు కూడా విప్పాను. కింద చర్మం నల్లగా ఉంది. అరచేయంత మచ్చ, దాని మధ్యలో పైనుంచి కిందికి ఒక గాడి. మడత ఒత్తుకున్న చోటు అది. నా కుట్టు ఎంత నిటారుగా పడిందో ఆ గాడి కూడా అంత నిటారుగా ఉంది.

కాజాలక్క గుమ్మంలోకి వచ్చి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అయ్యో. ఏంటే ఇది?"

ఫోను తీశాను. నాకు కొత్తవాళ్లతో ఫోనులో మాట్లాడాలంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. నర్సు "హలో, హలో, ఎవరూ?" అంటోంది. నేను డైరీ తెరిచాను. చదవడం నాకు వచ్చు. బడిలో పాఠం పైకి చదివేది నేనే. తారీఖుల వారీగా చదివాను. ఎన్ని ప్యాడ్లు, ఏ రంగు, ఏ రోజు నుంచి ఏ వాసన, జ్వరం ఎప్పుడు మొదలైంది. ఛీ అని ఉన్న చోట కూడా ఆగకుండా చదివేశాను. ఇప్పుడు నల్లగా ఉంది అని చివర కలిపాను.

నర్సు అడిగింది. "తొడుగు ఎవరు బిగించారు పాపా?"

అది డైరీలో లేదు.

"నేను" అన్నాను. "నేనే కుట్టాను."

మంచం మీద పిన్ని మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఆస్పత్రిలో చీము సిరంజిలతో లాగారు, చచ్చిన చర్మం కోసేశారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరు కాజాలక్కతో అన్నాడు. నాతో ఎవరూ ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

బాబాయి చెప్పిన రోజునే వచ్చాడు. పిన్నికి బట్టలు తీసుకెళ్దామని నేను ఇంటికి వచ్చాను. వీధి తలుపు తీసి ఉంది. కొట్టులో బాబాయి బొమ్మ ముందు నిలబడి నీలం గౌను చూస్తున్నాడు. మెడ చుట్టూ దుమ్ముకి కట్టుకునే తుండు, జుట్టంతా తెల్లటి దుమ్ము.

"ఏరా తల్లీ, మీ పిన్నేది? మళ్లీ ఆస్పత్రంటున్నారేంటి?"

ఆయన చూపు అరలో ఉన్న సీసా మీద పడింది. తీసి మూత విప్పి, రాళ్లు అరచేతిలో పోసుకున్నాడు. ఒకదాన్ని గోటితో గీకాడు. బొటనవేలుతో అంచు తడిమాడు.

"ఇది అర అంగుళం చిప్స్" అన్నాడు. "నల్లరాయి. మెషిన్‌లో పగిలిన అంచు ఇది. రోజూ ఇరవై టన్నులు మోసేవాడికి కంకర చూపించి పిత్తాశయమంటారా?" నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. "ఏం తీయించుకుంది?"

"కొవ్వు."

"ఎందుకు?"

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "మీరు ఓవర్‌లోడ్ అన్నారట కదా."

బాబాయి అరచేతిలో రాళ్లు ఒక్కొక్కటే సీసాలో వేశాడు. తొమ్మిది చప్పుళ్లు.

ఆస్పత్రిలో కట్టు మార్చేటప్పుడు ఎవరో ఒకరు బేసిన్ పట్టుకోవాలి. మొదటిరోజు బాబాయి ముందుకొచ్చాడు. గాజుగుడ్డ పైకి లేవగానే వెనక్కి తిరిగి వరండాలోకి పోయాడు. కక్కుతున్న చప్పుడు లోపలికి వినిపించింది. పిన్ని కూడా విన్నది. కళ్లు మూసుకుంది. బేసిన్ నేను పట్టుకున్నాను. రెండోరోజు తలుపు దగ్గర నిలబడ్డాడు. మూడోరోజు మెడలో తుండు విప్పి, క్వారీలో కట్టుకున్నట్టు ముక్కుకీ నోటికీ బిగించి కట్టుకుని వచ్చాడు. నా చేతిలోంచి బేసిన్ లాక్కున్నాడు.

"దొంగలా ఉన్నావు" అంది పిన్ని.

"లోడు పట్టుకుంటున్నా, కదలకు" అన్నాడు గుడ్డ వెనక నుంచి. అని, తను ఏమన్నాడో తెలిసి బిగుసుకుపోయాడు. పిన్ని నవ్వలేదు. బేసిన్ ఒరిగి, అందులోది కొంచెం ఆయన చెప్పుల మీద ఒలికింది. తుడుచుకోలేదు.

మూడు వారాలు గడిచి, నేను ఊరికి వెళ్లే ముందురోజుకి పిన్ని ఇంటికి వచ్చేసింది. పొట్ట మీద ఒక పక్క అరచేయంత గుంట, అందులో గులాబీ రంగు పల్చటి చర్మం. రోజూ మందు రాయాలి. లేచి నెమ్మదిగా నడుస్తోంది. నీలం గౌను బొమ్మకి లేదు. ఏం చేసిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. కొలతల పుస్తకంలో తన పేజీకి ఆ ఏడాది వరస రాయలేదు.

"రా ఇలా. కాలేజీకి బట్టలు కుట్టాలిగా" అని తెర వెనక్కి పిలిచింది.

పుస్తకంలో కొత్త పేజీ తీసింది. భుజం, చెయ్యి, పొడవు రాసుకుంది. టేపు నా నడుము చుట్టూ తిప్పి, అలవాటుగా రెండు వేళ్లు లోపల పెట్టింది. వేళ్లు అక్కడే ఆగాయి. మూడోది కూడా పెట్టింది.

ఆ వేళ్లకి మందు వాసన. మందు కింద ఇంకా ఆ తియ్యటి వాసన ఉందో, నాకే ఉన్నట్టు అనిపించిందో. నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. ఒకటి, రెండు, మూడు.

పిన్ని అంకె చదవలేదు. ఎదురుచూస్తోంది.

"పొట్ట లోపలికి లాగకే. కొలత తప్పొస్తుంది. ఊపిరి వదులు."

నేను ఊపిరి బిగబట్టింది పొట్ట కోసం కాదు. ఆ సంగతి తనకి తెలుసేమో కూడా. ఆమె తల నా భుజం దగ్గరే వంగి ఉంది, పాపిట కనిపిస్తోంది. పదిహేడు, పద్దెనిమిది.

వదిలాను. వదిలాక మళ్లీ పీల్చక తప్పదు.

పీల్చాను.